ఓబులమ్మ కొత్త ముక్కు

ఓబులమ్మ పోయిందని ఆమె కూతురు సుంకమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కడపలో మా ఇంటి వెనక వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. ఈ మోకాళ్లతో అంత దూరం బస్సులో ఎందుకని మా ఆయన అన్నాడు గానీ, దినం నాటికి నంద్యాల మీదుగా డోన్ చేరుకుని, అక్కడినుంచి ఆటోలో వాళ్ల ఊరికి పోయాను. నేను గడప దగ్గరికి చేరేసరికి సుంకమ్మ పంచలో నిలబడి ఫోన్‌లో ఎవరినో గట్టిగా తగులుకుంటోంది. పక్కన కుర్చీలో పూలదండ వేసిన ఫోటో ఒకటి ఉంది. అందులో ఉన్న ముసలామె నున్నటి మొహంతో, మచ్చలేని నుదుటితో ఎవరో సినిమాలో అమ్మమ్మలా ఉంది. "ఏమప్పా, మాయమ్మ మొకం యాడ పెట్టినావు? నుదుట్లో గాటు యాడ పాయ? ముక్కు మీద పచ్చబొట్టు యాడ పాయ?" అంటోంది సుంకమ్మ. డోన్‌లో స్టూడియో పిల్లవాడు కంప్యూటర్లో నీట్‌గా చేశానని చెప్పుకున్నట్టున్నాడు. "నీట్‌గా చేయమని నిన్నెవరు అడిగినార్రా? మాయమ్మకు ముక్కు పెట్టిన డాక్టరు కంటే నువ్వు పెద్దోనివా? మళ్లా తీసుకరా పో!" అని ఫోన్ పెట్టేసి, నన్ను చూసి, కోపం నుంచి ఏడుపులోకి ఒక్క అడుగులో వచ్చేసింది.

మధ్యాహ్నానికి అసలు ఫోటో వచ్చింది. నుదుటి మధ్యలో నిలువుగా తెల్లటి గీత, ముక్కు మీద కాస్త పక్కగా ఆకుపచ్చ చుక్క. పచ్చబొట్టు నుదుట ఉంటుంది, గడ్డం మీద ఉంటుంది, చేతుల మీద ఉంటుంది. ముక్కు మీద పొడిపించుకున్న మనిషిని నేను ఓబులమ్మను తప్ప చూడలేదు. నిజానికి ఆమె కూడా ముక్కు మీద పొడిపించుకోలేదు. ఆ చుక్క అక్కడికి ఎట్లా వచ్చిందో చెప్పాలంటే మా చిన్నతాత దగ్గర మొదలు పెట్టాలి.

చిన్నతాత అంటే మా తాతకు తమ్ముడు. డోన్‌లో స్టేషన్ దారిలో మాది కిరాణా అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో గోనెసంచుల గది. ఇంగువ, బెల్లం, శనగనూనె, కొత్త గోనెపట్ట వాసనలన్నీ కలిసి మా బట్టలకు అంటుకుని, బడిలో కూడా నన్ను పట్టించేవి. అట్లాంటి ఇంట్లో పుట్టి, తక్కెడ పట్టుకోవడం ఇష్టంలేక, చిన్నతాత పడుచుతనంలోనే చెప్పాపెట్టకుండా రైలెక్కి వెళ్లిపోయి రెండో ప్రపంచ యుద్ధపు సైన్యంలో చేరాడు. తుపాకీ ఇవ్వలేదు. ఆసుపత్రి పనిలో పెట్టారు. ఉల్లిగడ్డ కూడా ముట్టని ఇంటి పిల్లవాడు ఈజిప్టులో, ఆ తర్వాత ఇటలీలో నెత్తుటి గుడ్డలు ఉతికి, కాలిన మనుషులకు కట్లు కట్టి తిరిగొచ్చాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే నవ్వేవాడు. ఊళ్లో అందరికీ ఆయన మిలిటరీ శెట్టి. పొద్దున్నే ఎర్ర సబ్బుతో మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుని గానీ దేన్నీ ముట్టేవాడు కాదు. ఆయన గది తలుపు తీస్తే టింక్చర్ వాసన, కిరోసిన్ స్టవ్ మీద నీళ్లు మరిగే చప్పుడు. దెబ్బలు తగిలినవాళ్లు అంగడి అరుగు మీదికే వచ్చేవాళ్లు. చిన్నవాటికి కట్టు కట్టేవాడు, పెద్దవైతే తిట్టి ఆసుపత్రికి పంపేవాడు.

సాయంత్రాలు కందిపప్పు చేటల్లో పోసి మట్టిబెడ్డలు ఏరడం ఇంట్లో ఆడవాళ్ల పని. చిన్నతాత కూడా ఒక చేట ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు, మాటల కోసం. రామాయణం మా అవ్వ, అంటే తాత భార్య, చెప్పేది. ఈయన చెప్పేవి వేరు. పూర్వం ఫ్రాన్సు దేశంలో, తుపాకీ గాయాల్లో విషం ఉంటుందని కాగుతున్న నూనె పోసేవాళ్లట. ఒక యుద్ధంలో నూనె అయిపోతే, అక్కడి మంగలి వైద్యుడు ఒకాయన గుడ్డు పచ్చసొన, గులాబీ నూనె కలిపి రాశాడట. తెల్లవారేసరికి తనవల్ల చచ్చిపోయి ఉంటారని భయపడుతూ పోయి చూస్తే, నూనె పోసినవాళ్లు జ్వరంతో అరుస్తున్నారు, సొన రాసినవాళ్లు హాయిగా పడుకుని ఉన్నారు. "ఆ పొద్దు నుంచి ఆయన ఎవరికీ నూనె పోయల్యా. తను నేర్చుకున్నది తప్పని తనే ఒప్పుకున్యాడు సూడు, అదీ మగతనం" అనేవాడు. ఇంకొకటి ఇటలీది. కత్తియుద్ధాల్లో ముక్కులు పోయినవాళ్లకు, భుజం దగ్గరి చర్మాన్ని ముక్కుకు కుట్టి, అతుక్కునేదాకా చెయ్యి తలమీద పెట్టి వారాల తరబడి కట్టేసేవాళ్లట. ఇది చెప్పేటప్పుడు ఆయన చెయ్యి తలమీద పెట్టుకుని చూపించేవాడు. చేటలో పప్పు జారిపోయేది, అవ్వ కసిరేది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఎద్దులబండి మనిషి కథ. మైసూరు సుల్తానుకూ ఇంగ్లీషువాళ్లకూ యుద్ధం జరిగిన కాలం. కంపెనీ సైన్యానికి సరుకులు తోలే ఒక మరాఠా బండివాడు సుల్తాను మనుషులకు చిక్కాడు. చంపలేదు, ముక్కు, ఒక చెయ్యి కోసి వదిలేశారు. "ఆ దండులన్నీ మన కడప, కర్నూలు దావల్లోనే తిరిగినాయి. మన ఊరి బండ్లు కూడా తోలుకపోయి ఉంటారు" అనేవాడు చిన్నతాత. ఆ బండివాడికి పూనా దిక్కున కుమ్మరి కులం మనిషి ఒకడు నుదుటి మీది చర్మాన్ని కోసి, కిందికి తిప్పి, ముక్కుగా కుట్టాడు. ఇద్దరు ఇంగ్లీషు డాక్టర్లు నోళ్లు తెరుచుకుని చూసి దేశానికి రాసి పంపారు. ఆ విద్య లండను పత్రికలో బొమ్మతో సహా అచ్చయింది. ఈ సంగతి చిన్నతాతకు చెప్పింది ఇటలీలో ఆయన పైన పనిచేసిన ఒక తెల్ల డాక్టరే. "మేం చేసేదంతా మీ దేశపు పని నుంచే మొదలైంది అని చెప్పినాడు. నాకు ఎదురొమ్ము ఉప్పొంగినాది. అంతలోనే సిగ్గేసింది, నాకు తెలీదు గదా" అనేవాడు.

ఓబులమ్మ మా అంగడికి సీతాఫలాలు తెచ్చేది. ఆమె భర్త మద్దిలేటి బేతంచెర్ల వైపు నాపరాళ్ల గనిలో బండలు తీసేవాడు. కాయల కాలంలో ఆమె ఊరి పక్క కొండెక్కి గంపనిండా కోసి, తెల్లవారుజామునే నడిచి వచ్చేది. పొడుగాటి మనిషి, పెద్ద నవ్వు. నుదుట చిన్నప్పుడు పొడిపించిన పచ్చబొట్టు. బేరం ఆడేది కాదు. నా చేతిలో మాత్రం బాగా మాగిన కాయ ఒకటి ఊరకే పెట్టేది.

ఒక రోజు ఆ కొండ మీద గుండురాయి చాటున పిల్లలతో పడుకున్న ఎలుగుబంటి ఆమె మీద పడింది. కొండ్రాళ్ల మధ్య తిరిగేవాళ్లకు పాముకంటే ఎలుగంటేనే భయం. అది ఎప్పుడూ మొహానికే వస్తుంది. మద్దిలేటి, ఊరివాళ్లు మంచం మీద మోసుకుని ఆసుపత్రికి తెచ్చారు. ప్రాణం దక్కింది, కళ్లు దక్కాయి. ముక్కు పోయింది. గాయాలు మానేదాకా కట్లు మార్చడానికి మా అరుగు మీదికి వచ్చేది. ఆ తర్వాత రావడం మానేసింది. నీళ్లకు కూడా ముసుగేసుకుని, అందరూ పోయాక పోయేదట. మా దిక్కున ముక్కు లేని ఆడమనిషిని చూస్తే జనం ముందుగా తలుచుకునేది ఎలుగుబంటిని కాదు. ముక్కు కోయించుకునే పని ఏదో చేసిందనుకుంటారు. సొంత ఊళ్లో సరే, పరాయి ఊళ్లో ఎవరికని చెప్పుకోవాలి?

ఇవన్నీ ఆమె ఓర్చుకునేది. ఓర్చుకోలేనిది వేరే ఉంది. దీపావళి ముందు మద్దిలేటి బెల్లానికని భార్యనూ పాపనూ వెంటబెట్టుకుని వచ్చాడు. సుంకమ్మ అప్పటికి మాటలు వచ్చీరాని పిల్ల. నేను చంకనెత్తుకుని బొరుగులు పెడుతున్నాను. గాలికి ఓబులమ్మ కొంగు జారింది. పాప ఒక కేక పెట్టి, నా మెడను గోళ్లతో పట్టుకుని, "బూచి, బూచి" అని మొహం దాచుకుంది. ఓబులమ్మ కొంగు కప్పుకుని గోడవైపు తిరిగి నిలబడింది. "జేజి దగ్గరే పడుకుంటాది శెట్టీ. అమ్మ దగ్గరికి పోదు. పాలిస్తామన్నా పోల్యా" అన్నాడు మద్దిలేటి నేల చూస్తూ. జేజి అంటే వాళ్లమ్మ. చిన్నతాత అరుగు మీద నుంచి లేచాడు. "ఓబులమ్మా, నీకు ముక్కు పెట్టిస్తా, వస్తావా?" అన్నాడు. కూరగాయలు తెచ్చుకుందాం పద అన్నంత మామూలుగా. గోడవైపు నుంచే ఆమె అడిగింది, "చెక్క ముక్కా సామీ?" "చెక్కది ఎందుకమ్మా? నీ తోలుతోనే. నీ రక్తమే దాంట్లో పారతాది."

ఒప్పుకోవడానికి కొన్ని నెలలు పట్టింది. అత్త వద్దంది, ఊళ్లో పెద్దమనుషులు దేవుడు రాసింది మార్చొద్దన్నారు. మద్దిలేటి మాత్రం మాట్లాడకుండా ఒక పొద్దున భార్యను తీసుకొచ్చి మా అరుగు మీద కూర్చోబెట్టాడు. అవ్వకు ఇదంతా ఇష్టం లేదు. గోనెసంచుల గదిలో చాప వేసింది గానీ, అన్నం మాత్రం వెనక వాకిట్లో విస్తరిలో పెట్టేది, పైనుంచి వడ్డించేది. మా ఇంట్లో అప్పటి తీరు అది. దాని గురించి ఇప్పుడు తీపిగా చెప్పలేను. చిన్నతాతకు ఆ తగవు పెట్టుకునే తీరిక లేదు. ఆయన ఓబులమ్మకు సాధన మొదలుపెట్టాడు. యుద్ధంలో తన కళ్లతో చూసింది భుజం చర్మం తీయడమే కాబట్టి, ఇక్కడా అదే చేస్తారనుకున్నాడు. ఆమె ఎడమచెయ్యి తలమీద పెట్టించి తువ్వాలుతో బిగించి కట్టేవాడు. "అలవాటు చేసుకోవల్ల. వారాల పొద్దు ఇట్లే ఉండల్ల" అనేవాడు. ఆమె పాపం చెయ్యి తలకు అంటించుకుని కూర్చుని కుడిచేత్తో వక్కలు కత్తిరించేది, పొట్లాలు కట్టేది. అలా ఒకచేత్తో రొట్టె తుంచుకోలేక అవస్థ పడుతుంటే చూడలేక, అవ్వే ఒక రోజు విస్తరి దగ్గర కూర్చుని జొన్నరొట్టె ముక్కలు చేసి పప్పులో అద్ది నోట్లో పెట్టింది. పెట్టాక తన చెయ్యి తనే చూసుకుంది. మరుసటి రోజు నుంచి ఓబులమ్మ వంటింటి గడప లోపల తినింది.

కర్నూలుకు పోయేటప్పుడు ఆడమనిషి తోడు కావాలంటే, అత్త పాపను చూసుకోవాలి గనక, అవ్వే కదిలింది. బడికి సెలవులు, నన్నూ తీసుకుపోయారు. బస్సులో ఎదురు సీట్లో ఒకామె ముసుగు సందులోంచి ఓబులమ్మను చూసి పక్కామెతో, వినబడేటట్టే, "ఏం పని చేసిందో, మొగుడు కోసినట్టుండాడు" అంది. మా అవ్వ జీవితంలో గొంతు పెంచగా నేను విన్నది ఆ రోజే. "ఎలుగుబంటి కోసింది. ఏమన్నా అనుమానముంటే కొండ మీదికి పోయి దాన్ని అడుగు పో. ఆడనే ఉండాది" అంది. బస్సంతా ఘొల్లుమంది. కొంగు చాటున ఓబులమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

కర్నూలు పెద్దాసుపత్రిలో ముక్కు సంగతి చూసినది గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక యువ సర్జను. సన్నగా, జుట్టు చెదిరిపోయి, నిద్రలేని మనిషిలా ఉండేవాడు. చిన్నతాత తన యుద్ధం అనుభవమంతా చెప్పి, "చెయ్యి కట్టే సాధన కూడా చేయించినాను సార్" అన్నాడు గర్వంగా. ఆయన ఓబులమ్మ చెయ్యి చూసి నవ్వాపుకున్నాడు. "చెయ్యి అక్కర్లేదండీ. నుదుటి చర్మం తీసుకుంటాను. రంగు కలుస్తుంది, రక్తం బాగా పారుతుంది. చాలా పాత పద్ధతి, మన దేశందే" అన్నాడు. చిన్నతాత నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాడు. "బండివాని కథ!" అన్నాను నేను. డాక్టరు నావైపు తిరిగి, "నీకెట్లా తెలుసమ్మా?" అని అడిగాడు. తనకు కంఠపాఠంగా తెలిసిన కథను ఇన్నేళ్లూ కథగానే ఉంచుకున్నందుకు చిన్నతాత తల కొట్టుకున్నాడు. "నేను ఇటలీ దాకా పోయి చూసొచ్చిందే వైద్యమనుకుంటి. కుమ్మరాయన పని కందిపప్పు కాడ చెప్పుకునేదనుకుంటి" అని రోజంతా అంటూనే ఉన్నాడు.

ఆపరేషన్ ఒక్కసారితో అయ్యేది కాదు. మొదటిసారి నుదుటి మధ్యలోంచి చర్మం కోసి, కనుబొమల మధ్య మెలితిప్పి, కిందికి కుట్టారు. అది అక్కడ నాటుకునేదాకా కనుబొమల నుంచి ముక్కు దాకా చిన్న తొండంలాగా ఒక వంతెన ఉండేది. ఆ వంతెనలోంచే కొత్త ముక్కుకు రక్తం అందుతుందని డాక్టరు చెప్పాడు. ఆ వారాలన్నీ అవ్వ ఆసుపత్రి వెనక చెట్ల కింద మూడు రాళ్ల పొయ్యి పెట్టి వండింది. కొర్రన్నం, చారు. చిన్నతాత కట్టు మార్చేటప్పుడల్లా నర్సులకు అడ్డం తగిలి తిట్లు తిన్నాడు. ఒక దశలో ముక్కు అంచు నల్లబడింది. డాక్టరు రెండు మూడు రోజులు మాటలు తగ్గించేశాడు, వచ్చి చూసి పోయేవాడు. చిన్నతాత మెట్ల మీద కూర్చుని చేతులు చూసుకునేవాడు. "ఊరికే ఉన్న మనిషికి ఆశ పెడితిని వదినా" అన్నాడు అవ్వతో. అవ్వ, "పెట్టినావు లే. ఇప్పుడు అన్నం తిను" అంది. నలుపు అంచుతోనే ఆగిపోయింది. తర్వాత వంతెన కోసేశారు.

అద్దం ఇచ్చిన రోజు నేను మంచం పక్కనే ఉన్నాను. వాచిన ముక్కు, గుండ్రంగా, వంకాయంత. ఓబులమ్మ అద్దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. "నా పచ్చబొట్టు!" అంది. నుదుటనుండాల్సిన చుక్క దిగి వచ్చి ముక్కు మీద కూర్చుంది. డాక్టరుకు తప్పు చేసినట్టు ఇబ్బందిగా అనిపించింది. "తర్వాత తీసేద్దామమ్మా, కష్టం కాదు" అన్నాడు. "వద్దు సారూ. మాయమ్మ తిరునాళ్లలో పొడిపించింది. యాడుంటే ఏమి, నాదే గదా" అంది ఆమె. అవ్వకు ఇంకో దిగులు, "మరి కుంకుమ యాడ పెట్టుకోవల్ల?" గాటు మీదే పెట్టుకోవచ్చని డాక్టరు తీర్పు చెప్పాడు.

ముక్కు వచ్చినంత మాత్రాన బిడ్డ రాలేదు. మేం డోన్ తిరిగొచ్చాక మా ఇంటికి మద్దిలేటి సుంకమ్మను తీసుకొచ్చాడు. పాప కేక పెట్టలేదు గానీ, నా వెనక నిలబడి తొంగిచూసింది, పిలిస్తే రాలేదు. బెల్లం చూపినా రాలేదు. ఓబులమ్మ మొహంలో నెత్తురు ఇంకిపోవడం నాకు కనిపించింది. ఇన్ని నెలలు దీనికోసమే కదా పడింది. "డాక్టరు ముక్కు ఇచ్చినాడు. బిడ్డను మాత్రం నువ్వే నిదానంగా తెచ్చుకోవల్ల తల్లీ" అన్నాడు చిన్నతాత. ఆమె తలూపి, వక్కల చేట ముందు పెట్టుకుని, పాపను చూడనట్టే కూర్చుంది.

అప్పుడు బెల్లం మీది ఈగ ఒకటి వచ్చి ఆమె ముక్కు మీద వాలింది. ఓబులమ్మ చటుక్కున నుదురు గోక్కుంది. ఈగ ముక్కు మీదే ఉంది. మళ్లీ నుదురు గోక్కుంది. ఆ చర్మానికి తను ఇల్లు మారిన సంగతి ఇంకా తెలియదు. నరాలకు ఆ జ్ఞానం రావడానికి చాలాకాలం పడుతుందని తర్వాత చిన్నతాత చెప్పాడు. పాప మాత్రం నా వెనక నుంచి కిసుక్కున నవ్వింది. ముందుకు వచ్చింది. ఒక వేలు చాచి తల్లి ముక్కును తాకి, చప్పున వెనక్కి తీసుకుంది. ఓబులమ్మ కళ్లు మూసుకుని నుదురు గోక్కుంది. పాప పకపకా నవ్వి మళ్లీ తాకింది. మళ్లీ గోక్కుంది. ముక్కు, నుదురు, ముక్కు, నుదురు. ఎన్నిసార్లో. చివరికి పాప రెండు చేతులతో ఆ ముక్కును పట్టుకుని తల్లి ఒళ్లోకి ఎక్కేసింది. చేటలో వక్కలన్నీ ఇల్లంతా దొర్లాయి. అవ్వ కసరకుండా వంగి వాటిని ఏరడం మొదలుపెట్టింది. చిన్నతాత లేచి పెరట్లోకి పోయి, అవసరం లేకపోయినా, మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు.

ఇప్పుడు కడపలోనే వీధికొక ఆసుపత్రి. మొన్న మా ఎదురింటాయనకు ముక్కు మీది పుండు తీసేసి, నుదుటి నుంచే చర్మం తిప్పి పెట్టారు. వారమయ్యాక వచ్చి నాకు ఫోన్‌లో ఫోటోలు చూపించాడు. పని అప్పటికన్నా ఎంతో సన్నగా, శుభ్రంగా ఉంది. ఆ యువ డాక్టరు చూసి ఉంటే మురిసిపోయేవాడు. పాతకాలమే మేలని నేను అనను. విస్తరిలో పైనుంచి పడిన అన్నం నాకు గుర్తుంది. మెట్ల మీద చిన్నతాత కూర్చున్న రోజులూ గుర్తున్నాయి. కాకపోతే ఒకరి ముక్కు కోసం ఒక ఇల్లంతా అన్ని వారాలు మరో ఊళ్లో పొయ్యి పెట్టుకుని కూర్చోవడం ఇప్పుడు ఎవరికి కుదురుతుంది? మా పిల్లలకు నేను ఆసుపత్రిలో పడితే సెలవు దొరకడమే కష్టం. వాళ్లు మంచివాళ్లే. కాలమే ఇరుకైంది.

దినం భోజనాలు అయ్యాక సుంకమ్మ వచ్చి నా పక్కన చాప మీద కూలబడింది. ఆమెకూ ఇప్పుడు మనవరాళ్లు. కాసేపు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఒక మాట అడుగుతా, దాచకుండా చెప్పు" అంది. "నేను చిన్నపొద్దు మాయమ్మను చూసి బూచి అని పరిగెత్తేదాన్నంట. మా జేజి చెప్పింది. మాయమ్మను అడిగితే ఎన్నడూ చెప్పల్యా, నవ్వేది. నిజమేనా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నిజమే" అన్నాను. ఆమె చెయ్యి నా చేతిలో బిగుసుకుంది.

కర్నూలులో ఒక మధ్యాహ్నం జరిగింది ఆమెకు చెప్పాను. అవ్వ ఓబులమ్మ జడ చిక్కు తీస్తూ, కన్నతల్లిని చూసి పారిపోయే బిడ్డ ఏం బిడ్డమ్మా అని విసుక్కుంది. ముక్కుకు ఆ వంతెనతో, సరిగా మాట రాకపోయినా, ఓబులమ్మ అవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది. "అట్ల అనొద్దమ్మా. నా బిడ్డ నన్ను చూసి యాడ పరిగెత్తినాది? ఎలుగును చూసి పరిగెత్తినాది. ఎలుగు కనపడితే పరిగెత్తల్ల గదా. నా బిడ్డకు తెలివుండాది. నేనే ఆ పొద్దు పరిగెత్తలేకపోతి."

సుంకమ్మ కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, "మళ్లా చెప్పక్కా" అంది. "మాయమ్మ ఎట్ల అనిందో అట్లే చెప్పు."

మళ్లీ చెప్పాను.